బాధితులకూ రాజ్యాంగంలో చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా పిన్ని కొడుకును కొట్టి చంపిన కేసులో నిందితుడికి బెయిలు వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒడిశాలోని మా గుణుపురం సంతలో కూరగాయలు కొంటూ తలెత్తి చూస్తే అతను ఎదురుగా ఉన్నాడు. సంచి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. ఆరా తీస్తే, ఉత్తర్వు వచ్చి అప్పటికే పదిహేను రోజులైంది. ఛార్జిషీటు ఒడియాలో ఉంది. పిన్ని ఒడియా మాట్లాడుతుంది, చదవలేదు. ఇక్కడ ఆ వయసు తెలుగువాళ్లు చాలామంది అంతే.

సాక్ష్యం నిందితుడికి తెలియని భాషలో ఉంటే, అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే వినిపించాలని చట్టం చెబుతోంది. ఉండవలసిన నియమమే. రాజ్యాంగంలోని 20, 22 అధికరణలు నిందితుడికి ఇచ్చిన రక్షణల్లో ఒక్క అక్షరం తగ్గించమని నేను అడగను. తప్పుడు కేసుల్లో నలిగిన పేదలను ఈ ఊళ్లోనే చూశాను. కానీ అదే కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్న తల్లికి ఆ సాక్ష్యం ఎవరు వినిపించాలి?

చట్టాలు లేవని కాదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2008 నాటి సవరణ బాధితుల పరిహారానికి, అప్పీలుకు దారి చూపింది. ఉత్తరప్రదేశ్‌లో రైతులపైకి వాహనం దూసుకెళ్లిన లఖింపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలంది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు తెలపమని పోలీసులకు చెబుతోంది. ఏ భాషలోనో చెప్పలేదు. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టంలోనైతే, బెయిలు విచారణ గురించి బాధితులు ముందే తెలుసుకునే హక్కు 15ఏ సెక్షన్‌లో ఉంది. ఆ హక్కు హత్యకు గురైన ప్రతి బిడ్డ తల్లికీ ఎందుకు ఉండకూడదు?

మెక్సికో రాజ్యాంగంలోనూ 20వ అధికరణ నిందితుడి హక్కులదే. 2000లో అందులోనే బాధితుల హక్కులకూ ఒక భాగం చేర్చారు. అమెరికాలో 1982లోనే ప్రభుత్వ సంఘం ఒకటి రాజ్యాంగ సవరణ కోరింది. 1996 నుంచి సెనేట్‌లో ప్రతిపాదనలు వచ్చినా నెగ్గలేదు, 2004లో మామూలు చట్టంతో సరిపెట్టుకున్నారు. మామూలు చట్టాన్ని పక్కన పెట్టడం ఎంత సులువో మా పిన్నికి తెలుసు.

కేసు సంగతులు తన భాషలో తెలుసుకునే హక్కు, బెయిలుకు ముందు తన మాట చెప్పుకునే హక్కు రాజ్యాంగంలో చేరాలి. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న కోరాపుట్, బరంపురం, శ్రీకాకుళం ఎంపీలు కనీసం ప్రైవేటు సభ్యుల బిల్లుగానైనా దీన్ని పార్లమెంటు ముందుకు తీసుకువెళ్లాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా