అంకెలు సరే, ఎక్కడికి వెళ్లాలో చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడగానే హైదరాబాద్ నగరంలో జ్వరాల వార్తలు మొదలవుతాయి, నల్లకుంట కోరంటి దవాఖానాలో (ఫీవర్ ఆసుపత్రిలో) ఓపీ చీటీల కోసం నిలబడే వరుస పెరుగుతుంది. కోవిడ్ కాలంలో నగరపాలక సంస్థా, రాష్ట్ర ఆరోగ్యశాఖా ప్రజలకు సమాచారం అందించడానికి చేసిన ఏర్పాట్లలో కొన్ని ఈ జ్వరాల కాలానికీ అక్కరకు వచ్చేవే అయినా, 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించే నాటికే మనం వాటిని మరిచిపోయాం. వాటిలో ఏది పనికివచ్చిందో, ఏది రాలేదో ఇప్పుడు తీరికగా చూడవచ్చు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కేసు బయటపడిన తర్వాత కొద్ది రోజులకే ఆరోగ్యశాఖ బులెటిన్ మన దినచర్యలో భాగమైంది. అందులో జిల్లాల వరుసలో ‘జీహెచ్‌ఎంసీ’ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) అని ఒక గడి, దాని పక్కన ఒక అంకె ఉండేవి. కాప్రా నుంచి రాజేంద్రనగర్ దాకా, రామచంద్రాపురం నుంచి ఎల్బీనగర్ దాకా అప్పటికి 150 డివిజన్లుగా ఉన్న నగరానికంతటికీ ఆ ఒక్క అంకే. దాన్ని చూసి భయపడడానికో ఊపిరి పీల్చుకోవడానికో తప్ప, బోరబండలోనో బార్కాస్‌లోనో జ్వరంతో మంచాన పడిన మనిషి ఆ రోజు ఏం చేయాలో తేల్చుకోవడానికి అది ఉపయోగపడలేదు. ప్రజలకు అందుతున్న సమాచారం చాలదని రాష్ట్ర హైకోర్టు ఆ సంవత్సరం పలుమార్లు ఆక్షేపించింది. ఆ తర్వాతే బులెటిన్‌లో ఆసుపత్రుల వారీగా పడకల వివరాలు చేరాయి. అది మంచి మార్పే. కానీ న్యాయస్థానం మందలిస్తే తప్ప ఆ వివరాలు బయటికి రాకపోవడం గమనించవలసిన విషయం.

సమాచారం లేనిచోట వదంతి చేరుతుందని వేరే చెప్పనక్కర్లేదు. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారుకు చికెన్ ధర కుప్పకూలితే, 2020 ఫిబ్రవరి నెలాఖరున మంత్రులే బహిరంగ వేదిక మీద చికెన్ తిని చూపించవలసి వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది గానీ, కోళ్ల రైతులకు ఆ నెలలు నవ్వులాట కాలేదు.

సహాయం లేదని నేననడం లేదు. ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు; కార్డు లేని వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు; అంతకుముందు 5 రూపాయలకు పెట్టే అన్నపూర్ణ భోజనం లాక్‌డౌన్‌లో ఉచితంగా పెట్టారు. అయితే ఏ సహాయం ఏ వీధి చివర, ఏ వేళకు, ఏ కాగితం చూపిస్తే దొరుకుతుందన్నది మాత్రం నోటిమాట మీదనే నడిచింది. కార్పొరేటరు ఇంటి చుట్టూ తిరగగలిగిన వారికి ముందు తెలిసింది, భవన నిర్మాణం దగ్గర గుడిసె వేసుకున్న వారికి చివర తెలిసింది.

ఈ లోపం ఎంత ఖరీదైనదో ప్రైవేటు ఆసుపత్రుల ధరల విషయంలో స్పష్టంగా కనిపించింది. 2020 జూన్‌లో ప్రభుత్వం కోవిడ్ చికిత్సకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది: ఐసోలేషన్ వార్డుకు రోజుకు 4,000, వెంటిలేటర్ లేని ఐసీయూకు 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000 రూపాయలు, ప్రైవేటు ల్యాబులో పరీక్షకు 2,200. పీపీఈ కిట్లకూ ఖరీదైన మందులకూ ఈ పరిమితి వర్తించదన్న మెలిక కూడా అందులోనే ఉంది, అసలు బిల్లు ఉబ్బింది ఆ మెలిక దగ్గరే. రోగిని స్ట్రెచర్ మీద లోపలికి పంపి అడ్వాన్సు కట్టడానికి కౌంటరు ముందు నిలబడ్డ కొడుక్కో అల్లుడికో ఈ అంకెలూ, ఆ మెలికా, ఫిర్యాదు చేయవలసిన చోటూ కళ్ల ముందు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంటే నిలదీసి అడగగలిగేవాడు. అధిక వసూళ్లపై ఫిర్యాదులు వెల్లువెత్తాక ఆగస్టులో కొన్ని ఆసుపత్రులకు కోవిడ్ చికిత్స అనుమతి రద్దు చేశారు. చర్య సరైనదే, అయితే అప్పటికే బంగారం కుదువపెట్టి బిల్లులు కట్టిన వారికి అది ఆలస్యమైన ఊరట.

రెండో విడత వచ్చేసరికి, అంటే 2021 ఏప్రిల్, మే నెలల్లో, సమస్య రూపు మారింది. ఆక్సిజన్ పడక ఎక్కడుంది, రెమ్‌డెసివిర్ ఎవరి దగ్గర దొరుకుతుంది, ఇంటికి భోజనం ఎవరు పంపిస్తారు అన్న జాబితాలు వాట్సాప్‌లో వరదలా వచ్చాయి. యువతీయువకులు నిద్ర మాని వాటిని తయారు చేశారు, వారికి చేతులెత్తి మొక్కాలి. కాని ఆ జాబితాల్లో చాలావాటికి తేదీ ఉండేది కాదు. నిన్న ఖాళీగా ఉన్న పడక ఇవాళ నిండిపోతుంది. నిన్నటి నంబరుకు పదిసార్లు ఫోన్ చేసేలోగా రోగి ఆక్సిజన్ స్థాయి పడిపోతుంది. గ్రంథాలయంలో ఉద్యోగం చేసి నోటీసు బోర్డులు చూసుకున్న వాడిని గనుక ఒక మాట చెబుతాను: తేదీ, వేళ, బాధ్యుడి హోదా లేని ప్రకటనను బోర్డు మీద ఉంచడం కన్నా బోర్డును ఖాళీగా ఉంచడమే మేలు. ఖాళీ బోర్డు చూసినవాడు ఇంకొకరిని అడుగుతాడు, పాత కాగితం చూసినవాడు దాన్ని నమ్మి బయలుదేరతాడు.

భాష సంగతి కూడా చూడాలి. వ్యాక్సిన్ నమోదుకు తెచ్చిన కోవిన్ వెబ్‌సైటు మొదట ఇంగ్లీషులోనే ఉండి, 2021 వేసవిలో గాని తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి రాలేదు. ఆలోపు టీకా స్లాట్లు ఫోనూ ఇంగ్లీషూ తెలిసిన వారికే ఎక్కువగా దక్కాయి. మన రాష్ట్రంలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. దేశంలో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే మొట్టమొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది, కాబట్టి హిందీ మాత్రమే చదవగలిగిన కార్మికులు ఈ నగరంలో ఎందరున్నారో అధికారులకు తెలియనిది కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు తమంతట తామే సమాచారం వెల్లడించాలనీ, అలా వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలనీ చెబుతోంది. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు.

బాగా జరిగిన పనిని కూడా చెప్పుకోవాలి. 2021 మేలో ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ ఇంటింటికీ తిరిగి జ్వరం అడిగి, లక్షణాలున్న వారికి మందుల కిట్టు చేతిలో పెట్టారు. ఆ కిట్టులోని మాత్రల వైద్య విలువ మీద వాదించవచ్చు. తలుపు దగ్గరికి వచ్చిన ఒక మనిషి ‘ఈ మందు ఇలా వేసుకోండి, ఊపిరి ఆడకపోతే ఫలానా చోటికి వెళ్లండి’ అని చెప్పడం మాత్రం అప్పటిదాకా వెలువడిన బులెటిన్లన్నిటి కన్నా ఎక్కువ ఉపకారం చేసింది.

అందుకే నా సూచన చాలా చిన్నది. ప్రతి డివిజన్‌కూ వారానికి ఒక సమాచార పత్రం, ఒకే ఒక కాగితం, తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో వెలువడాలి. ఆ డివిజన్‌కు చెందిన బస్తీ దవాఖానా (పేటలో ఉండే చిన్న సర్కారు వైద్యశాల) ఎక్కడ, ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, డాక్టరు సెలవులో ఉంటే ప్రత్యామ్నాయం ఏది అన్నవి అందులో ముందు ఉండాలి. డెంగీ అనుమానం ఉంటే తొలి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేయించుకోవాలనీ, బస్తీ దవాఖానాలో ఇచ్చిన రక్త నమూనాకు ఉచితంగా పరీక్ష జరిపే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఉందనీ తెలిస్తే, ప్లేట్‌లెట్ల పేరు చెప్పి బెదిరించే చోటికి జనం పరుగెత్తరు. 108, 104, నగరపాలక సంస్థ 040-21111111 నంబర్లూ ఉండాలి. చెప్పడానికి కష్టంగా ఉన్నా, శ్మశానవాటిక వివరాలూ పార్థివ వాహనం కోసం అడగవలసిన చోటూ కూడా ఉండాలి. కోవిడ్ రోజుల్లో దుఃఖంలో ఉన్న కుటుంబాలు అంబులెన్సు వారితో బేరమాడవలసిరావడం ఈ నగరానికి గౌరవం కాదు.

ఈ కాగితాన్ని వెబ్‌సైటులో పెట్టి ఊరుకుంటే సరిపోదు. 2023 జూన్‌లో ప్రారంభించిన వార్డు కార్యాలయాలు, బస్తీ దవాఖానాలు, రేషన్ దుకాణాలు, శాఖా గ్రంథాలయాలు దీన్ని అంటించడానికి తగిన చోట్లు. ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం (ఆ సొమ్ము గ్రంథాలయాలకు ఎంత సక్రమంగా చేరుతున్నదనేది మరో ఉత్తరానికి విషయం), అక్కడి గోడ మీద ఒక కాగితానికి చోటు అడిగే హక్కు మనకుంది.

రోగుల వివరాలు బయటపడతాయన్న అభ్యంతరం రావచ్చు. 2020 ఏప్రిల్‌లో కంటైన్‌మెంట్ జోన్ల పేరుతో వీధులకు అడ్డంగా బారికేడ్లు కట్టినప్పుడు ఇరుగుపొరుగులు ఆ ఇళ్లవారిని ఎలా చూశారో మనకు తెలుసు. నేనడుగుతున్నది రోగి చిరునామా కాదు, వైద్యం దొరికే చోటు చిరునామా. సిబ్బంది చాలరన్నది రెండో అభ్యంతరం. దోమల మందు చల్లడానికి వచ్చే ఎంటమాలజీ సిబ్బందీ, పారిశుద్ధ్య సిబ్బందీ ఎలాగూ ప్రతి గల్లీలో తిరుగుతున్నారు. వారానికొకసారి పాత కాగితం చించి కొత్తది అంటించడం వారికి పెనుభారం కాబోదు.

ఆషాఢ బోనాల నాటికి కనీసం ఒక సర్కిల్‌లో (కొన్ని డివిజన్లు కలిసిన విభాగంలో) దీన్ని మొదలుపెట్టి, వానాకాలం ముగిసేదాకా నడిపి చూడవలసిందిగా కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రతి కాగితం కింద దాన్ని సరిచూసిన వార్డు అధికారి హోదా, సంతకం, తేదీ, దాని గడువు ముగిసే రోజు తప్పక ఉండాలి. గడువు దాటిన కాగితం గోడ మీద కనిపిస్తే ఫోన్ చేసి చెప్పడానికి ఒక నంబరు కూడా దాని మీదే వేయించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్.