మెట్ల పక్క గదిలో ఏం జరుగుతోంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు కోపంగా నా దగ్గరికి వచ్చారు. "మావాడికి పాఠం మొత్తం నోటికొచ్చు మేడం. ఆ మెట్ల పక్క గదికి ఎందుకు పంపిస్తున్నారు? వాడేమన్నా మొద్దా?" అని అడిగారు. వెనక కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా తలలూపారు. ఆ రోజు హడావిడిలో నాలుగు ముక్కలు చెప్పి పంపేశాను గానీ, సరిగా చెప్పలేదని రాత్రికి నాకే అనిపించింది. అందుకని స్పోర్ట్స్ డే సంగతులు చివర్లో ఒక్క మాటతో సరిపెట్టి, ఈ నవంబరు ఉత్తరం ఆ గది గురించే రాస్తున్నాను. చదవడం సరిగా పట్టుబడని పిల్లలకు మన రీడింగ్ టీచర్ విడిగా నేర్పే గది అది.

పాఠం నోటికి రావడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ఇందులో నేనూ మోసపోయాను, ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఒక రోజు 3వ తరగతికి వెళ్లి ఒక అబ్బాయిని లేపితే, పుస్తకం పట్టుకుని గడగడా చదివేశాడు. క్లాసు చేత చప్పట్లు కొట్టించాను. మన రీడింగ్ టీచర్ తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అదే పాఠంలో చివరి వాక్యాన్ని చివరి పదం నుంచి వెనక్కి చదవమన్నారు. వాడు నా మొహం ఒకసారి, ఆవిడ మొహం ఒకసారి చూస్తూ ఉండిపోయాడు. "మీరు చప్పట్లు కొట్టించినప్పుడు వాడి నోరు ఐదో లైన్లో ఉంది, వేలు రెండో లైన్లో ఉంది మేడం" అన్నారావిడ. ఇన్నేళ్లుగా పిల్లల మధ్య ఉన్నాను, నేను ఆ వేలు చూడలేదు.

ఇలా నెట్టుకొచ్చే పిల్లలు మొద్దులు కారు. ఒకసారి వింటే పట్టేసే తెలివి ఉంటేనే ఈ పని చేయగలరు. పాఠాలు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియదు. 4, 5 తరగతులకొచ్చి పాఠాలు పొడుగయ్యాక దొరికిపోతారు. అప్పుడు మనం "లెక్కల్లో వెనకబడ్డాడు" అంటాం. వాడికి లెక్క వస్తుంది, లెక్క ప్రశ్న చదవడం రాదు.

ఇంతకీ ఆ గదిలో ముందుగా జరిగేది వినడం. ఒక్కో బిడ్డకు ఐదారు నిమిషాలు. బిడ్డ ఎప్పుడూ చూడని చిన్న కథ ఇస్తారు. టీచర్ దగ్గర అదే కథ ఉన్న కాగితం ఉంటుంది. సరిగా చదివిన పదానికి టిక్కు, తప్పు చదివితే ఆ తప్పు ఉన్నదున్నట్టు రాసుకుంటారు. మధ్యలో ఆపరు, దిద్దరు. ఎన్ని తప్పులొచ్చాయో లెక్కపెట్టడం తేలికే. ఏ తప్పు ఎందుకు వచ్చిందో పట్టుకోవడంలోనే ఆవిడ నేర్పంతా ఉంది.

'సమయం' అన్న పదాన్ని 'సయమం' అని చదివిన పాప ఉంది. ఆ పాపకు మ, య ఇంకా విడివిడిగా కనిపించడం లేదు. ఇంకో అబ్బాయి 'క' గుణింతం పాటలా పాడతాడు, కానీ 'కౌ' ఒక్కటే కార్డు మీద చూపిస్తే, క కా కి కీ అని మొదటి నుంచి నడుచుకుంటూ వస్తేగానీ అక్కడికి చేరలేడు. ఇద్దరూ చదవలేకపోతున్నారు, కానీ ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

ఒత్తుల సంగతి నాకు కూడా కొత్తగా అర్థమైంది. గ, చ, ద లాంటివాటికి తలకట్టు తీసి కింద రాస్తే ఒత్తు అయిపోతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు, విడిగా గుర్తుపెట్టుకోవాలి. దానికి తోడు 'మేస్త్రి' లాంటి పదం చూడండి. గుడి కంటికి 'స' మీద కనిపిస్తుంది, పలికేటప్పుడు మాత్రం చివర్లో ఉన్న 'ర'తో కలిసి వస్తుంది. కనిపించిన వరసలోనే చదివే బిడ్డ 'మేసిత్ర' అంటాడు. వాడు నిజాయితీగా కాగితం మీద ఉన్నదే చదివాడు! మనకు అలవాటైపోయి ఇందులో కష్టం కనిపించదు, అంతే. మన టీచర్ ఇలాంటి పదాలను అట్టముక్కల మీద రాసి, ముక్కలు విడదీసి, చప్పట్లతో పలికించి మళ్లీ కలిపిస్తారు. ఒక్క ఒత్తు మీద మూడు నాలుగు రోజులు ఉండిపోతారు. బయట నుంచి చూసేవాళ్లకు ఆటలాడుకుంటున్నట్టే ఉంటుంది.

కొన్ని తప్పులను ఆవిడ తప్పులుగానే లెక్కపెట్టరు. పుస్తకంలో 'తాత వస్తున్నాడు' అని ఉంటే ఒక బుడ్డోడు 'తాత వస్తుండు' అని చదివాడు. వాక్యం అర్థం చేసుకుని, దాన్ని తన ఇంటి మాటలో చెప్పాడు. ఇది చూసి ఆవిడ సంతోషపడ్డారు. వాణ్ణి కసరడం అనవసరం.

స్పీడు గురించి చాలామంది అడుగుతున్నారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల పునాది గట్టిపడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో, 3వ తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థమయ్యేలా చదవాలని ఉంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఇలాంటి పునాది కోసమే. అయితే దయచేసి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి బిడ్డ పక్కన కూర్చోకండి. 'వెళ్ళిపోవాలనుకుంటున్నాడు' అన్నది తెలుగులో ఒక్కటే పదం, అదే ఇంగ్లీషులో ఐదారు పదాలవుతుంది. అంకె ఒక్కటే పట్టుకుంటే తెలుగు చదివే బిడ్డకు అన్యాయం జరుగుతుంది. మన దగ్గర టైము చూసుకున్నా, ఆ తర్వాత "ఇప్పుడు చదివింది నాకు చెప్పు" అనడమే ముఖ్యం.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక సంగతి. తెలుగులో అక్షరం పేరూ, దాని శబ్దమూ ఒకటే. 'క' అంటే 'క'. ఇంగ్లీషులో అలా కుదరదు. బీ, ఏ, టీ కలిపితే 'బీఏటీ' కావాలి గదా, 'బ్యాట్' ఎలా అయిందని 1వ తరగతి పిల్ల అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అందుకని ఆ గదిలో అక్షరాల పేర్లకన్నా శబ్దాలు ముందు నేర్పుతారు. ఇంట్లో ఏబీసీడీలు అప్పజెప్పించినా పరవాలేదు, కానీ దాన్నే చదవడం అనుకోకండి.

కొద్దిమంది పిల్లలకు ఇంత చేసినా అక్షరాలు నిలబడవు. అది డిస్లెక్సియా కావచ్చు, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే ఇబ్బంది. అవునో కాదో తేల్చే అధికారం నాకు లేదు, మన టీచర్‌కూ లేదు. నిపుణుల చేత పరీక్ష చేయించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన వైకల్యాలను కూడా చేర్చారు, పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లూ ఉన్నాయి. అలాంటి అనుమానం వస్తే మిమ్మల్ని విడిగా పిలిచి మాట్లాడతాం. పదిమందిలో చెప్పం, ప్రోగ్రెస్ కార్డు మీద రాయం.

ఇంట్లో మీరు చేయాల్సింది తక్కువే. రాత్రి పది నిమిషాలు బిడ్డ చదువుతుంటే వినండి. ఆగిపోతే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు మాట అందించండి. మనం ఒక్క సెకను కూడా ఆగం, నేను మా ఇంట్లో మనవరాలి దగ్గర చూసుకున్నాను! వినేవాళ్లకు చదువు రానక్కర్లేదు. నాయనమ్మకు చదువు రాకపోతే ఇంకా మంచిదే, బిడ్డ చదివి కథ విడమర్చి చెప్పాల్సి వస్తుంది. ట్యూషన్ పెట్టించాలా అని అడిగేవారికి నా జవాబు: ముందు ఈ పది నిమిషాలు ఒక నెల చేసి రండి, అప్పుడు మాట్లాడదాం.

ఆ నాన్నగారి అబ్బాయి ఇంకా ఆ గదికి వెళ్తున్నాడు. 'ర' ఒత్తు దాటాడు, 'య' ఒత్తు దగ్గర ఉన్నాడు.

స్పోర్ట్స్ డే డిసెంబరు రెండో శనివారం, తెల్ల బూట్లు తప్పనిసరి. ఈ నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. 4, 5 తరగతుల వాళ్లను హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం గ్రంథాలయాన్ని చూపించడానికి తీసుకెళ్తున్నాం, అనుమతి చీటీ మీద సంతకం పెట్టి పంపండి.

ఇంకో చిన్న కోరిక. రీడింగ్ టీచర్‌కు పాత శుభలేఖలు కావాలట. ఆహ్వానం, ముహూర్తం, లగ్నం, బంధుమిత్రులు... ఒత్తులన్నీ ఒకేచోట దొరుకుతాయి, పైగా తెలిసినవాళ్ల పేరు కనిపిస్తే పిల్లలు ఎగబడి చదువుతారు. మెట్ల పక్క గది ముందు ఒక అట్టపెట్టె పెట్టాం. బిడ్డను దింపడానికి వచ్చినప్పుడు అందులో వేసి వెళ్లండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు