సీడ్ పత్తి రైతు చేతిలో కాగితం ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

గద్వాల సీడ్ పత్తి, అంటే విత్తనం కోసమే పండించే పత్తి, తెలియని విత్తన వ్యాపారి ఉండడు. ఇక్కడ పండిన గింజ బహుళజాతి కంపెనీల ప్యాకెట్లలో, పెద్ద దేశీ కంపెనీల ప్యాకెట్లలో ఎన్నో రాష్ట్రాలకు పోతుంది. ప్యాకెట్ మీద కంపెనీ పేరుంటుంది, ధర ఉంటుంది. పండించిన మాకు మాత్రం తెలిసింది కంపెనీకీ మాకూ నడుమ ఉండే ఆర్గనైజరు ఒక్కడే. సంకరం చేయడానికి ఆడ విత్తనం, మగ విత్తనం ఇచ్చేది ఆయనే, అడ్వాన్సు ఇచ్చేది ఆయనే, వడ్డీ లెక్క కట్టేదీ ఆయనే. కంపెనీ సంతకం ఉన్న కాగితం మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఈ పని ఎట్లుంటుందో పట్నం పాఠకులకు తెలియకపోవచ్చు. సాయంత్రం చేనంతా తిరిగి, మర్నాడు విచ్చుకునే ఆడ మొగ్గలను వెతికి, పైపొరను, లోపలి పుప్పొడిని గోటితో గిల్లి తీసేయాలి. నడుమ ఉన్న పుల్ల విరగకూడదు. తెల్లారాక మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఎండ ముదిరితే పట్టదు. ఒక్క మొగ్గ కన్నుగప్పి దానంతటదే కాయ అయిందా, అది కల్తీ కిందే లెక్క. ఒకప్పుడు ఈ పనికి పిల్లల్ని బడి మాన్పించి తెచ్చేవారు. ఆ సంగతి విదేశాల్లో గొడవయ్యాక కంపెనీలు పిల్లలు వద్దని బోర్డులు పెట్టాయి. మంచిదే. పెద్దవాళ్లకు కూలి ఇవ్వగలిగేంత రేటు మాకు కడతామని మాత్రం ఏ బోర్డు మీదా రాయలేదు.

గింజ అప్పజెప్పాక అసలు టెన్షన్. కంపెనీ శాంపిల్ తీసుకెళ్లి జీఓటీ అనే పరీక్ష చేస్తుంది. అంటే ఆ గింజను మళ్లీ నాటి, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. నూటికి 90 మొక్కలు అసలు రకానివి రాకపోతే ఫెయిల్. నెలలు గడిచాక ఆ ముక్క ఆర్గనైజరు ఫోన్‌లో చెప్తాడు. నిరుడు మా గింజ ఫెయిలన్నారు. రిపోర్టు చూపించమంటే "కంపెనీ ఇయ్యదమ్మా" అన్నాడు. వాళ్లిచ్చిన ఆడ విత్తనంలోనే కేళీలుంటే ఎవరిది తప్పు? అసలు నాటింది మా చేని శాంపిలేనా? అడ్వాన్సు మీద వడ్డీ మాత్రం ఆగలేదు.

పత్తి రైతు కొనే ప్యాకెట్ ధర కేంద్రమే నిర్ణయిస్తుంది. 2025లో బీజీ-2 రకం బీటీ పత్తి ప్యాకెట్‌కు 901 రూపాయలు. దాన్ని పండించినవాళ్లకు ఎంత ముట్టాలో చెప్పే దిక్కు లేదు. 1966 నాటి విత్తన చట్టం చూసేది అమ్మే విత్తనం నాణ్యతనే. సర్కారు తలుచుకుంటే కంపెనీలు దిగిరావని కాదు. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బీటీ పత్తి రాయల్టీ మీద అమెరికా కంపెనీ మోన్‌శాంటోతో తలపడి, గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా పోయింది. అప్పుడే ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. మొన్న 2025లో ములుగు జిల్లాలో విత్తన మొక్కజొన్న వేసి మునిగిన గిరిజన రైతులకు కూడా, ప్రభుత్వం కల్పించుకున్నాకే కంపెనీలు పరిహారం కట్టాయి.

మేం అడిగేది పెద్దదేం కాదు. కంపెనీ నేరుగా సంతకం చేసిన ఒప్పందం తెలుగులో మాకివ్వాలి. తూకం వేసే రోజే మా ఎదుట శాంపిల్‌ను మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి కంపెనీకి, ఒకటి మాకు, ఒకటి వ్యవసాయ శాఖకు. ఫెయిలన్నప్పుడు శాఖ దగ్గరున్నది తీసి చూస్తారు. మళ్లీ ఆడ, మగ విత్తనాలు పంచేలోపు కలెక్టర్ గారు కంపెనీలవాళ్లను, ఆర్గనైజర్లను కాదు, కంపెనీలవాళ్లనే పిలిపించి ఈ రెండూ తేల్చాలి.

— ఒక సీడ్ పత్తి మహిళా రైతు,
మల్దకల్ మండలం, జోగులాంబ గద్వాల జిల్లా