కుయ్‌మనే గుమ్మం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మోకాలి నొప్పి తగ్గిందా, ఇంకా ఆ కంపు తైలమే రాస్తున్నావా?

మొన్న దసరా బట్టలకని ఇక్కడో మాల్‌కి వెళ్లాం. గుమ్మంలో మెటల్ డిటెక్టర్ ఫ్రేమ్ కుయ్‌మంది. సంచిలో స్టీలు క్యారియర్ ఉంది మరి. నా వెనకాయనకీ కుయ్‌మంది, ఆ వెనకావిడకీ కుయ్‌మంది. సెక్యూరిటీ కుర్రాడు ఫోన్ చూసుకుంటూనే పొండి పొండి అని చెయ్యి ఊపాడు. "దీనివల్ల ఒరిగేదేంటండీ?" అంది మీ చెల్లెలు.

అప్పట్నుంచీ అదే బుర్ర తొలిచేస్తోంది. ఇక్కడ ఏమీ జరగలేదంటే ఈ గుమ్మం కాపాడిందా, అసలు బాంబు పట్టుకుని ఎవడూ రాలేదా? జరగనిదాన్ని ఎలా లెక్కపెడతాంరా?

విమానాల దగ్గర కాస్త లెక్క దొరుకుతుంది. 1968 నుంచి ఐదేళ్లలో అమెరికాలో 100కు పైగా హైజాక్‌లు. చాలామందిది ఒకటే మాట, క్యూబాకి పోనియ్! 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుణ్ణీ తనిఖీ చేయాల్సిందే అన్నారు. హైజాక్‌లు ధబేల్మని పడిపోయాయి. మెషీన్ గొప్పదనం అనేస్తావేమో, ఆగు. అదే ఫిబ్రవరిలో క్యూబా కూడా హైజాకర్లను శిక్షిస్తాం, లేదా వెనక్కి పంపిస్తాం అని ఒప్పందం చేసుకుంది. పుణ్యం ఎవరి ఖాతాలో వేస్తావు?

ఇంకో మెలిక ఉంది. ఎండర్స్, శాండ్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి లెక్కలు ముందేసుకుని 1993లో తేల్చారు: హైజాక్‌లు తగ్గాయి గానీ, మనుషుల్ని బందీలుగా పట్టుకోవడం లాంటివి పెరిగాయట. ఎంబసీల చుట్టూ కాపలా బిగిస్తే, దౌత్యవేత్తల్ని బయట చంపడం పెరిగిందట. మా ఇంట్లో ఎలుకలూ అంతే. వంటింటి కన్నం సిమెంటు పెట్టి మూశానా, బియ్యం డ్రమ్ము వెనక తవ్వాయి.

మన దగ్గర ఇంత ఓపిక ఎవడికి? ఎంతమందిని పట్టుకున్నాం అన్నదే కొలత. టాడా అనే పాత ఉగ్రవాద నిరోధక చట్టం కింద పదేళ్లలో 76 వేల మంది దాకా లోపలేశారు, శిక్ష పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన పాతబస్తీ కుర్రాళ్లు ఎంతమంది నిర్దోషులుగా బయటికొచ్చారో నీకూ తెలుసు. అరెస్టయిన రోజు మాత్రం వాళ్లంతా ఫలితం కాలమ్‌లోనే ఉండి ఉంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడేరా.

అన్నట్టు, తిరిగొచ్చేటప్పుడు చూశాను. కింద పార్కింగ్ నుంచి లిఫ్ట్ ఎక్కితే నేరుగా బట్టల కొట్టు ముందే దింపుతుంది. అక్కడ ఫ్రేమూ లేదు, కుర్రాడూ లేడు. పండక్కి వస్తావుగా, క్యారియర్‌తో సహా అటే తీసుకెళ్తా.

నీ
రమణ