రంగుల పట్టికతో ఖోసా పూసలు అర్థం కావు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో దక్షిణాఫ్రికాలోని ఖోసా జాతివారి పూసల నగల మీద వ్యాసం వేశారు. తెలుగులో ఈ విషయం మీద ఎవరైనా రాయడమే అరుదు. అందుకే అందులో దొర్లిన తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేయబుద్ధి కాలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు పేజీ మధ్యలో గళ్లు గీసి వేసిన రంగుల పట్టిక. ఎరుపంటే గాఢమైన ప్రేమ, పసుపంటే సంపద, నలుపంటే పెళ్లి అంటూ సాగే ఆ జాబితా ఖోసాలది కాదు. ఆ దేశంలోనే క్వాజులు-నాటాల్ రాష్ట్రంలో జులూ జాతి అమ్మాయిలు ప్రియుళ్లకు అల్లి ఇచ్చే పూసల బిళ్లలు ఉన్నాయి. వాటిని పర్యాటకులకు అమ్మేవాళ్లు అట్టముక్క మీద అచ్చువేసి ఇచ్చే వివరం అది. జులూల్లో కూడా ఆ అర్థాలు ఊరూరా మారతాయి, పక్కన ఏ రంగు పడిందన్నదాన్ని బట్టీ మారతాయి. ఆ పట్టికనే ఈస్టర్న్ కేప్ రాష్ట్రపు ఖోసాలకు తగిలించడం, అక్కణ్ణుంచి 'ఆఫ్రికా పూసల భాష' అని పేరు పెట్టడం ఇంటర్నెట్‌లో ఎప్పట్నుంచో నడుస్తున్న వ్యవహారం. మీ వ్యాసకర్త దాన్నే నమ్మినట్టున్నారు.

మన నల్లపూసల సంగతే చూడండి. నలుపుకు అర్థమేమిటని పుస్తకం తిరగేసి ఎవరూ వాటిని అర్థం చేసుకోరు. ఎవరి మెడలో ఉన్నాయి, ఎప్పుడు పడ్డాయి, దేనితో కలిపి గుచ్చారు అన్నది చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. ఖోసా పూసల్నీ అలాగే చదవాలి. ముందు ఏ నగ అన్నది, తర్వాత ఎవరు వేసుకున్నారన్నది, ఎవరు చేసిచ్చారన్నది. రంగు వంతు ఆ తర్వాతే.

పెళ్లికాని పిల్ల నడుముకు కట్టుకునే చిన్న పూసల కట్టును పెళ్లయ్యాక కట్టదు. కొత్తకోడలు తలగుడ్డను కనుబొమల దాకా దించి, భుజాల మీద శాలువా కప్పుకుంటుంది. అత్తింటి పెద్దల ఎదుట పాటించే మర్యాద అది, అక్కడ దాన్ని హ్లోనిఫా అంటారు. బిడ్డతల్లి అయ్యాక పూసలు, గుండీలు కుట్టిన గుడ్డ ఛాతీ మీదికి వస్తుంది. వయసు మళ్లేకొద్దీ తలపాగా పెద్దదవుతుంది, చేతికి పూసలు చుట్టిన పొడవాటి పొగగొట్టం, భుజానికి పొగాకు సంచీ చేరతాయి. మెడ చుట్టూ పరుచుకునే వల అల్లిక పట్టీ ఇంగ్కోషా. ఛాతీ దాటి కిందికి వేలాడే, ఎక్కువగా లేతనీలం పూసలతో చేసే పలుపేటల దండ ఇసిదంగా. (ఆ భాషలో నాలుకతో టక్కుమనిపించే ధ్వనులకు మన లిపిలో అక్షరాల్లేవు కాబట్టి ఈ పేర్లు దగ్గరదగ్గరగా రాసినవే.)

'స్త్రీల నగలు' అని శీర్షిక పెట్టారు. అల్లేది ఆడవాళ్లే గానీ వేసుకునేది వాళ్లు మాత్రమే కాదు. పాత ఫొటోల్లో పెళ్లికాని కుర్రవాళ్ల ఒంటి మీద ఆడపిల్లలతో సమానంగా పూసలుంటాయి. తలకు, మెడకు, చేతులకు, చీలమండలకు వేసుకునేవారు. వాటిలో చాలావరకు ప్రియురాళ్లు చేసిచ్చినవి. ఎంత సన్నపూసతో, ఎంత ఓపిగ్గా అల్లిందన్నది చూసేవాళ్లకు తెలిసిపోయేది.

రంగుకు అసలు విలువే లేదనడం లేదు. తెలుపు సంగతి వేరు. పూర్వీకుల ఆత్మలతో మాట్లాడతారని నమ్మే ఇగ్కిరాలు, అంటే అక్కడి దైవజ్ఞులు, తెల్లపూసలే ఎక్కువ ధరిస్తారు. కొందరి కళ్ల మీదికి పూసల జాలరు వేలాడుతుంది. ఆ విద్యకు చేరిన శిష్యుల నుదుటికి, మెడకు, మణికట్టుకు తెల్లపూసల పేటలుంటాయి. మిగిలిన రంగుల ఎంపికలో వంశాలను, ప్రాంతాలను బట్టి తేడా కనిపిస్తుంది. ఖోసా మాట్లాడేవాళ్లలోనే మ్పోండో శాఖవాళ్ల పనిలో లేతనీలం, తెలుపు జోడీ ఎక్కువ, తెంబు శాఖవాళ్ల పనిలో ముదురునీలం కూడా చేరుతుంది. ఇందులో గూఢార్థమేమీ లేదు. ఫలానా వైపు మనిషి అని గుర్తుపట్టడానికి మాత్రం పనికొస్తుంది.

వ్యాసంలో అసలు ప్రస్తావనే లేని ఉబులుంగా ఈ మొత్తంలో మాకు ముఖ్యమనిపిస్తుంది. దాంట్లో పూసలు ప్రధానం కాదు. పెళ్లయి వెళ్లే కూతురితో పుట్టింటివాళ్లు పంపే ఆవు తోకవెంట్రుకలు పేని చేసే కంఠపట్టీ అది. ఒంట్లో బాగాలేనప్పుడు, కాన్పుల్లో కష్టమైనప్పుడు పుట్టింటి పూర్వీకుల రక్ష దాని ద్వారా అందుతుందని నమ్ముతారు. ఆ ఆవును కొయ్యరు. తళుకేమీ లేని ఈ వెంట్రుకల తాడుకి ఫొటోల పేజీలో చోటు దొరకదు, ఇంట్లో మాత్రం దాని విలువ పూసల దండలకు ఉండదు.

'భారతదేశపు పూసలతోనే ఖోసా నగలు పుట్టాయి' అన్న వాక్యంలో రెండు కాలాలు కలిసిపోయాయి. మన తీరం నుంచి వెళ్లిన గాజుపూసలు దక్షిణాఫ్రికా ఉత్తరాన, 13వ శతాబ్దపు మాపుంగుబ్వే నగర శిథిలాల్లో దొరికిన మాట నిజమే. గాజును గొట్టంలా లాగి, ముక్కలు కోసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేసి అంచులు నున్నగా చేసే ఆ పద్ధతి ఒకప్పటి చిత్తూరు జిల్లా పాపానాయుడుపేటలో మొన్నమొన్నటిదాకా సాగింది కూడా. కానీ మనం ఖోసా పూసలపని అంటున్నది 19వ శతాబ్దంలో వికసించింది, దానికి వాడినవి వెనిస్, బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది) పూసలు. 1824లో కీస్కమ్మా నది ఒడ్డున ఫోర్ట్ విల్‌షైర్ దగ్గర బ్రిటిష్‌వాళ్లు సంతలు పెట్టించారు. ఏనుగు దంతాలు, తోళ్లు, జిగురు ఇచ్చి ఖోసాలు పూసలు, గుండీలు, ఇత్తడి తీగ తీసుకునేవారు. అంతకుముందు ఎక్కువగా నిప్పుకోడి గుడ్డు పెంకులు, గింజలు, ఎముక, గవ్వలతో అలంకారం. మిషనరీల ప్రభావంతో క్రైస్తవంలోకి, బళ్లోకి వెళ్లినవాళ్లు పూసలూ, ఒంటికి రాసుకునే ఎర్రమట్టీ వదిలేశారు. వదలనివాళ్లను 'ఎర్రవాళ్లు' అన్నారు. పెట్టెల్లోంచి పూసలు మళ్లీ బయటికొచ్చి పెళ్లిళ్లలో, ప్రతి సెప్టెంబర్ 24న జరిపే హెరిటేజ్ డేలో కనబడుతున్నది ఇంత కథ నడిచాకే.

ఫొటోల మాటా చెప్పాలి. మెడకు వరసగా లోహపు కడియాలున్న స్త్రీ ఖోసా కాదు, దక్షిణాఫ్రికాలోనే మరో జాతి అయిన ఎండెబెలె. మెడనిండా పూసల పట్టీతో ఉన్న మండేలా ఫొటో కింద 'కోర్టులో' అని రాశారు. అది 1961లో ఆయన అజ్ఞాతంలో ఉండగా ఎలై వైన్‌బర్గ్ తీసింది. 1962 అక్టోబర్‌లో ప్రిటోరియా కోర్టుకు ఆయన సంప్రదాయ తోలు దుప్పటి కప్పుకొని వెళ్లారు. మండేలా తెంబు రాజవంశీకుడని తెలిస్తే రెండు సందర్భాల్లోనూ ఆ వేషం ఎందుకో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక 'మీరే చేసుకోండి' అని ఇచ్చిన పద్ధతి. బడిపిల్లలు దాన్ని చూసి మొదలుపెడితే రెండోరోజే విసుగొచ్చి వదిలేస్తారు. పది గ్రాముల పూసలు, చేపల వల నైలాన్ తీగ చాలన్నారు. రెండూ తప్పే.

నాలుగు వరసల చిన్న మెడపట్టీకి 11/0 సైజు గాజుపూసలు కావాలి. గ్రాముకు ఇంచుమించు 110 వస్తాయి. మొదటి వరస మూడు తెలుపు, ఒక నీలం చొప్పున 70 సార్లు గుచ్చితే 280 పూసలు, 39 సెంటీమీటర్ల చిల్లర పొడవు. రెండో వరసలో నీలంపూసలోంచి సూది బయటికి తీసి మూడు తెలుపు, ఒక నీలం, మూడు తెలుపు ఎక్కించి, పై వరసలోని తర్వాతి నీలంపూసలోకి దూర్చాలి. ఇలా చివరిదాకా వెళితే చిన్న చిన్న తోరణాలు పడతాయి. మూడో వరసలో తోరణానికి నాలుగు-ఒకటి-నాలుగు, నాలుగో వరసలో అయిదు-ఒకటి-అయిదు. ఇప్పుడు సూది దూర్చాల్సింది పై తోరణం మధ్య నీలంపూసలోకి. మొత్తం 2,200 పూసల దాకా పడతాయి, అంటే 20 గ్రాములు. ఏరిపారేసేవి పోను 25 గ్రాములు కొనుక్కోవాలి. ఇది నేర్చుకోవడానికి సరిపోయే కొలత. అసలు ఇంగ్కోషాలు దీనికంటే చాలా వెడల్పుగా, దట్టంగా ఉంటాయి.

మీ పద్ధతిలో అన్ని వరసలకూ ఒకే లెక్క ఇచ్చారు. అలా అల్లితే పట్టీ భుజాల మీద పరుచుకోదు, అంచు బిగిసి గిన్నెలా పైకి లేస్తుంది. మెడకు దూరమయ్యేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది, కాబట్టి తోరణమూ పెరగాలి. వరసకు నాలుగైదు పూసలు పెంచేశారా, అంచు కుచ్చిళ్లు పడుతుంది. రెండు చొప్పున పెంచడమే క్షేమం.

దారం విషయానికొస్తే, పాతకాలంలో పశువుల నరం, తర్వాత నూలు వాడారు. నైలాన్ తీగ బిరుసు, ముడి నిలవదు, ఎండ తగిలితే పెళుసై విరుగుతుంది. అన్నిటికీ మించి పట్టీ ఒంటికి అంటుకొని వాలదు. మైనం రుద్దిన సన్నటి పాలిస్టర్ దారం, 10వ నంబరు పూసల సూది మంచివి. చివరి వరసవి తప్ప ఒక్కో నీలంపూసలోంచి దారం కనీసం రెండుసార్లు, అతుకులున్నచోట మూడునాలుగు సార్లు వెళ్లాలి. అందుకే బెజ్జం సన్నగా ఉన్న పూసల్ని మొదట్లోనే ఏరేయాలి. అల్లికలో ఉన్న పూసలోకి సూదిని బలవంతంగా తోస్తే అది పగులుతుంది, పగిలిన గాజు అంచు పక్కనున్న దారాన్ని కొద్దిరోజుల్లో కోసేస్తుంది.

గులాబి, ఊదా పూసలు చాలామటుకు రంగు అద్దినవి. గోళ్లరంగు తీసే ద్రావకంలో దూది ముంచి నాలుగు పూసలు రుద్ది చూడండి, దూదికి రంగు అంటితే చెమటకూ పోతుంది. గుండీలు కుట్టాలంటే ఆల్చిప్పవి దొరికితే నయం. అవి చేతికి చల్లగా తగులుతాయి, ప్లాస్టిక్‌వి కొన్నాళ్లకు పసుపెక్కుతాయి.

చివరిగా, పాత ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే సబ్బునీళ్లలో నానబెట్టమని మీ వ్యాసం ఇచ్చిన సలహా చాలా ప్రమాదం. దారానికి, బెజ్జాల్లో ఎర్రగా అంటుకొని కనిపించేది మురికి కాకపోవచ్చు, కొవ్వుతో కలిపి ఒంటికీ బట్టకూ రాసుకున్న ఎర్రమట్టి కావచ్చు. ఆ వస్తువును నిజంగా ఎవరో వాడారనడానికి ఉన్న ఆధారం అదే. కడిగితే అది పోతుంది, నూలు తడిసి కుంచించుకుపోయి బిగుసుకున్న చోట పూసలు చిట్లుతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, కొక్కేనికి వేలాడదీయకుండా, తెల్ల నూలుగుడ్డ మీద పరిచి ఉంచాలి. పూసల మీద జిగటగా చెమటలాంటిది కనబడితే తేమకు గాజే చెడుతోందని అర్థం. ఆ ముక్కను మిగిలినవాటికి దూరంగా పొడిచోట పెట్టాలి.

ఆన్‌లైన్‌లో ఆ వ్యాసం ఇంకా ఉంది. రంగుల పట్టిక తీసేసి, రెండు ఫొటోల కింది వ్యాఖ్యలు సరిదిద్ది, కడగమన్న వాక్యాన్ని తక్షణం తొలగించమని మనవి.

ఇట్లు,
పూసల అల్లిక నేర్పే కొందరు పాఠకులు