ఆవుకు పాస్‌పోర్టు ఉందట

బిడ్డా,

రాత్రి ఫోన్లో ఐర్లాండ్ నుంచి కొరియాకు పోయే మొదటి బీఫ్ కంటైనర్ కాగితాలు నీ టేబుల్ మీదికే వచ్చాయని నువ్వు చెప్తుండగానే మీ అమ్మ స్వెట్టర్ సంగతి ఎత్తి ఫోన్ లాక్కుంది, నేను చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోయింది, అందుకే రాస్తున్నా. చుట్టాలకు ఆమె ఇప్పటికీ నీది 'ఫుడ్ కంపెనీ' అనే చెప్తుంది, ఏం ఫుడ్ అని అడిగితే టీ పెట్టడానికి లేస్తుంది.

మన ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు విరిచి చూసి ధర చెప్తాడు. బీఫ్ కొనే దేశం అట్ల కాదు, మాంసం కన్నా ముందు అమ్మే దేశంలోని పశువుల డాక్టర్లను, వాళ్ల రిజిస్టర్లను చూస్తుంది. ఏ జబ్బులున్నాయి, ఎట్ల పట్టుకుంటున్నారు అని ప్రశ్నలు పంపుతారు, మనుషులు వచ్చి కబేళాలు చూసిపోతారు, పశువు వయసెంత ఉండాలి, ఎముక ఉండొచ్చా అని సర్టిఫికెట్‌లో ఒక్కో మాటకూ బేరం. ఏళ్లు పడుతుంది. మూసెయ్యడానికి మాత్రం ఒక్క రోజు చాలు. 2018లో చైనా మీ ఐర్లాండ్ బీఫ్‌కు తలుపు తీసింది, 2020 మేలో ఒకే ఒక్క ఆవులో పిచ్చి ఆవు జబ్బు బయటపడగానే ఎగుమతి ఆగింది. అది ముసలి పశువుల్లో దానంతట అదే వచ్చే రకం, ఆ మాంసం తినేవాళ్ల దాకా పోనే లేదు, అయినా మళ్లీ మొదలయ్యేసరికి 2023 జనవరి వచ్చింది. అదే నవంబర్‌లో ఇంకో కేసు, మళ్లీ బంద్.

మన దేశం నుంచి పోయేది బర్రె మాంసమే, ఆవుది పంపనియ్యరు. మనకు గాలికుంటు, అంటే పశువుల నోటికీ గిట్టలకూ పుండ్లు చేసే అంటుజబ్బు, ఉంది కాబట్టి చాలా దేశాలు తీసుకోవు, తీసుకునేవాళ్లకూ ఎముక తీసే పంపాలి. ఇండోనేషియా కూడా 2016లో గానీ ఒప్పుకోలేదు.

ఆ గాలికుంటు దగ్గరే నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నౌకరీలో చేరిన కొత్తలో నర్సంపేట దగ్గర ఒక ఊరికి టీకాల డబ్బా పట్టుకొని పోయాను. బస్సు దారిలో చెడిపోయింది, చేరేసరికి ఐస్ మొత్తం నీళ్లే. వేడెక్కిన మందు పనిచెయ్యదని తెలుసు, కానీ వెనక్కి పోతే పై ఆఫీసర్ తిడతాడని భయం. వేసేశాను, రిజిస్టర్ నింపాను. వానలు పడ్డాక అదే ఊరికి పోతే ఒక ముసలమ్మ కొట్టంలో బర్రె చొంగ కారుస్తూ, కాలు కింద పెట్టలేక నిలబడి ఉంది. "నువ్వు సూది వేస్తివి కదా కొడుకా" అన్నదామె, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. నా రిజిస్టర్ ప్రకారమైతే ఆ బర్రెకు ఆ జబ్బు రాకూడదు.

అందుకే చెప్తున్నా, మీ మేనేజర్ షిప్ టైమ్ అయిపోతుందని ఎంత టెన్షన్ పెట్టినా, చెవి ట్యాగు నంబర్లు కాగితంతో కలవకపోతే సంతకం పెట్టకు. తిడితే తిట్టనీ.

అవునూ, అక్కడ ప్రతి ఆవుకూ పాస్‌పోర్టు ఉంటుందన్నావు కదా, ఒకటి ఫోటో తీసి పంపు. మీ అమ్మకు చూపించాలి, ఆమెకు ఇంకా లేదు.

మీ బాపు
హన్మకొండ