కట్టిన డబ్బు మనిషి వెంట రావద్దా?

ఎడిటర్ గారికి నమస్కారం,

వలస వచ్చినవాళ్ళు పెన్షన్ సొమ్మంతా తినేస్తున్నారు అనే మాట ఏ దేశంలో ఎన్నికలొచ్చినా వినపడుతూనే ఉంటుంది, లెక్క చూస్తే మాత్రం చాలాచోట్ల సంగతి తలకిందులు. అమెరికా, జర్మనీ లాంటి దేశాల్లో ఇవాళ పనిచేసేవాళ్ళ జీతంలో కోసిందే ఇవాళ్టి పెద్దవాళ్ళకి పెన్షన్‌గా పోతుంది. అక్కడ పిల్లలు తక్కువ పుడుతున్నారు, పెద్దవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారు, మరి వేరే దేశం ఖర్చుతో చదువుకుని పాతికేళ్ళ వయసులో వచ్చి మొదటి జీతం నుంచే కట్టేవాడు భారం ఎలా అవుతాడండీ? వాడూ రేపు ముసలాడై పెన్షన్ అడుగుతాడు, నిజమే. పని దొరక్కపోయినా లెక్క మారుతుంది, డాక్టర్ చదివినవాణ్ణి లైసెన్స్ పేరుతో ఏళ్ళ తరబడి ఖాళీగా కూర్చోబెడితే (అది వాడి తప్పు కాదు లెండి) ఫండ్‌కి వచ్చేదేముంది.

నా బాధ మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళ గురించి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ పథకానికి ఉద్యోగి జీతంలో 6.2 శాతం కోస్తారు, కంపెనీ ఇంకో 6.2 కడుతుంది, రిటైరయ్యాక పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు (సంపాదనని బట్టి ఖాతాలో పడే పాయింట్లు) ఉండాలి, ఏడాదికి 4కి మించి రావు కాబట్టి కనీసం 10 ఏళ్ళు కట్టాలి. హెచ్-1బి వీసాకేమో మామూలుగా 6 ఏళ్ళే గడువు. 6 ఏళ్ళు కట్టి వచ్చేసినవాడి సొమ్ము అక్కడే ఉండిపోతుంది, రీఫండ్ అడగడానికి లేదు. అదే జర్మనీలో అయితే 5 ఏళ్ళు కడితే చాలు, పెన్షన్ హక్కు వచ్చేస్తుంది.

దీనికి మందు ఎప్పుడో ఉంది. రెండు దేశాలకీ ఒప్పందం ఉంటే రెండుచోట్లా చేసిన సర్వీసు కలిపి చూస్తారు, ఎవరి వాటా వాళ్ళిస్తారు, కంపెనీ కొన్నాళ్ళకి పంపినవాడైతే సొంత దేశంలో కడుతున్నట్టు అక్కడిచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే రెండుసార్లు కట్టక్కర్లేదు. అమెరికా ఇటలీతో 1978లోనే ఇది అమల్లోకి తెచ్చింది, ఇండియాతో ఇప్పటికీ లేదు.

పంపిన దేశానికి ఇంకో దెబ్బ. వలస వెళ్ళినవాడు కట్టే వయసంతా బయట గడిపి, మందులు వాడే వయసుకి ఇంటికొస్తాడు.

ఒప్పందం కుదిరేదాకా కనీసం ఉద్యోగి కట్టిన వాటా అయినా వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టాలి. జపాన్ చూడండి, 6 నెలలు కట్టిన విదేశీయుడు కూడా దేశం వదిలిన 2 ఏళ్ళలోపు అప్లై చేసుకుంటే కొంత వెనక్కిస్తోంది, మిగతావాళ్ళకి ఏమొచ్చింది?

ఇట్లు,
ఒక పాఠకుడు